‘ప్రాణాంతక కణితి’ అనవచ్చునా?

సందేహం: స్వరపేటికలో వచ్చే అరుదైన క్యాన్సర్ల గురించి రోగుల కోసం తెలుగులో కరపత్రం రాస్తున్నాం. మాలిగ్నెంట్ ట్యూమర్‌ను ‘ప్రాణాంతక కణితి’ అందామని ఒకరు, ‘రాచపుండు’ చాలునని ఇంకొకరు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: రెండూ వద్దమ్మా. ‘క్యాన్సర్ గడ్డ’ అని రాయండి. ఆ కాగితం చదివేది పాకాల నుంచో పుత్తూరు నుంచో పొద్దున్నే బస్సెక్కి తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో వచ్చిన మనిషి.

‘ప్రాణాంతకం’ అంటే ప్రాణం తీసేది. వైద్యులు మాలిగ్నెంట్ అనేది పక్క కండలోకి చొచ్చుకుపోయే, వేరేచోటికి పాకగల గుణాన్ని. స్వరపేటిక క్యాన్సర్లలో నూటికి 90కి పైగా లోపలి పొరలో పుట్టే స్క్వామస్ రకమే. అరుదైనవాటిలో కాండ్రోసార్కోమా ఒకటి. ఇది మృదులాస్థిలో, ఎక్కువగా ఉంగరంలా ఉండే క్రికాయిడ్‌లో పుడుతుంది. చాలావరకు నిదానంగా పెరుగుతుంది. ఆపరేషన్ చేసి తీసేశాక ఏళ్ల తరబడి బతికేవాళ్లే ఎక్కువ. అలాంటి రోగి చేతిలో ‘ప్రాణాంతక’ అని అచ్చేసిన కాగితం పెట్టడం అన్యాయం.

‘రాచపుండు’ నాకూ ఇష్టమైన పాతమాటే. కానీ పుండు అనగానే మనకు తోచేది రసి కారేది. కాండ్రోసార్కోమాలో పై పొర నున్నగానే ఉండి, దాని కింద నుంచి గడ్డ ఉబ్బుతుంది. గొంతులో కెమెరా వేసి చూసినా పుండు కనబడకపోవచ్చు. పైపైన ముక్క తీస్తే జబ్బు దొరక్కపోవచ్చు, లోతుగా తీయాలి. సీటీ స్కాన్‌లో గడ్డ నిండా సున్నపు చుక్కలు కనిపించడం పెద్ద ఆనవాలు. ‘పుండేమీ లేదన్నారు కదా’ అని రోగి ఊరుకునే ప్రమాదం ఈ మాటతో ఉంది.

‘అరుదైన గొంతు క్యాన్సర్’ అని కూడా రాయకండి, గొంతు క్యాన్సరే అరుదనుకుంటారు. ‘స్వరపేటికలో వచ్చే అరుదైన రకం క్యాన్సర్’ అంటే తికమక ఉండదు. రకం పేరును మాత్రం అనువదించవద్దు. లింఫోమా (తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లలో పుట్టే క్యాన్సర్) అయితే సాధారణంగా మందులూ రేడియేషనూ, కాండ్రోసార్కోమా అయితే ముఖ్యంగా ఆపరేషన్. రిపోర్టులో ఉన్న పేరే కరపత్రంలోనూ కనిపించాలి.

బయాప్సీకి ‘ముక్క పరీక్ష’ హాయిగా వాడండి. రేడియేషన్‌ను జనం ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట రాస్తే, షాక్ కొట్టదని పక్కనే చెప్పండి. ‘స్వరభంగం’ అని రాయకుండా, ‘గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోండి’ అని పెద్దక్షరాల్లో మొదటే వేయండి.