ఎల్క్ వేటకు ఏ కత్తి కొనాలి? ముందు పిడి పట్టుకుని చూడండి

మీరు అడిగింది ఇదీ: అక్టోబరులో తొలిసారి అమెరికాలోని కొలరాడోకి ఎల్క్ (దుప్పి లాంటి పెద్ద జింక) వేటకు వెళ్తున్నారు, జంతువు పడ్డాక అక్కడే తోలు తీసి మాంసం కోయడానికి కత్తి కావాలి, ఎస్30వీ ఉక్కుది కొనాలా, 420హెచ్‌సీ ఉక్కుది చాలా అని. నేను డెన్వర్ దగ్గర ఉంటాను, ఏళ్లుగా ఈ వేటకు వెళ్తున్నాను. ఉక్కు సంగతి పక్కన పెట్టి ముందు పిడి చూడండి. చేతికి కొవ్వు అంటుకున్నా జారని పిడి, వేళ్లు బ్లేడు మీదికి పోకుండా ముందు చిన్న అడ్డు, మూడున్నర నాలుగు అంగుళాల బ్లేడు. మడిచేది వద్దు, కీలులోకి రక్తం, కొవ్వు, వెంట్రుకలు దూరితే కడగడం నరకం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక ఏడాది కొలరాడోలోనే ఫ్లాట్ టాప్స్ కొండల వైపు వెళ్లాం, నేనూ మా పక్కింటి పెద్దాయనా. ఆయన చిన్నప్పటి నుంచి వేటాడుతున్న మనిషి. పొద్దుగూకే వేళకి ఆయన తుపాకీకి ఒక ఆడ ఎల్క్ పడింది, అదీ ఏటవాలులో. కిందికి దొర్లిపోకుండా ఒక కాలు ఆస్పెన్ చెట్టుకి తాడేసి కట్టాం. ఆడ ఎల్క్ అంటే రెండొందల కిలోల పైమాటే. అంత జంతువుని పక్కకు తిప్పడానికే ఇద్దరికీ చెమటలు పట్టాయి, చెమట ఆరేసరికి చలి మొదలైంది.

పొట్ట కోయకుండా పని చేసే పద్ధతి మాది. మెడ నుంచి తోక దాకా వెన్ను మీదుగా తోలు చీల్చి, కిందికి ఒలిచి, ముందు కాలు తీసేస్తాం. ముందు కాలికి ఒంటితో ఎముక కలిసే కీలు ఉండదు, కండతోనే అతుక్కుని ఉంటుంది. కాలు పైకెత్తి పట్టుకుని కత్తి మొనతో గీస్తూ పోతే ఊడి వస్తుంది. తర్వాత వెన్ను కండ, తర్వాత వెనక తొడ. రంపంతో పని లేదు, చిన్న కత్తి చాలు. మా ఊళ్లో దసరాకి మేకను కోసే ఆయన దగ్గర కూడా తోలు తీయడానికి చిన్న కత్తే ఉండేది. సగం తోలు పిడికిలితోనే నెట్టేసేవాడు, కత్తి పొరకి తగిలీ తగలనట్టు ఉండేది. ఎల్క్‌కీ అదే పని, కాకపోతే తోలు చాలా మందం.

పెద్దాయన చేతిలో కత్తి వాళ్ల అబ్బాయి ఇచ్చిన బహుమతి. దుప్పి కొమ్ము పిడి, అద్దంలా పాలిష్ చేశారు, ముందు అడ్డు లేదు. చూడ్డానికి భలే ఉంది. ఎల్క్ కొవ్వు చలికి వెంటనే గడ్డకడుతుంది, కొవ్వొత్తి మైనంలాగా వేళ్లకి పట్టేస్తుంది. తొడ కీలు దగ్గర ఆయన కాస్త బలంగా తోశాడు. మొన ఎముకకి తగిలి ఆగింది, చెయ్యి ఆగలేదు. పిడి మీద నుంచి జారి రెండు వేళ్లు పదును మీదికి వెళ్లాయి. తలకి కట్టుకున్న లైటు వెలుగులో ఏది జంతువు రక్తమో ఏది ఆయనదో తెలియలేదు. ఫోన్ సిగ్నల్ లేదు, బండి చాలా దూరం. కట్టు బిగించి ఆయన్ని చెట్టుకి ఆనుకుని కూర్చోబెట్టి, మిగతా పని నా మోరా కంపానియన్‌తో పూర్తి చేశాను. అది స్వీడన్ కత్తి, ఖరీదు ఎక్కువేం కాదు. పిడికి రబ్బరు పట్టు, ముందు చిన్న అడ్డు ఉంటాయి. నాది నారింజ రంగుది కాబట్టి చీకట్లో గడ్డిలో పెట్టినా కనిపిస్తుంది. ఆయనకి తర్వాత కుట్లు పడ్డాయి. అంత అనుభవం ఉన్న మనిషికే పిడి వల్ల అలా అయితే, మొదటిసారి వెళ్లేవాళ్ల సంగతి ఆలోచించండి.

యూట్యూబ్‌లో ఎండిన చేతులతో కాగితాలు కోసి చూపించి మార్కులు వేసేవాళ్లంటే నాకు అందుకే ఒళ్లు మంట. కాగితానికి కొవ్వు ఉంటుందా? ఇంకొకటి, బ్లేడు వీపు మీద కొక్కెం ఉన్న కత్తులు. రెండు కోతలకే అందులో వెంట్రుకలు ఇరుక్కుంటాయి, సాన పట్టడం కష్టం. మొన కొంచెం కిందికి దిగి ఉండే డ్రాప్ పాయింట్ చాలు. దాన్ని వేటగాళ్లకి అలవాటు చేసింది అమెరికా కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్, అంతకంటే మెరుగైన ఆకారం నేనింతవరకు చూడలేదు. బ్లేడ్లు మార్చుకునే సర్జికల్ కత్తి తోలుకి బ్రహ్మాండం, కీలులో పెట్టి తిప్పారా విరుగుతుంది. చీకట్లో ఆ ముక్క మాంసంలో వెతుక్కోవాలి.

ఏ కత్తయినా తోలుని లోపలి నుంచి బయటికి కోయండి, పదును పైకి పెట్టి. వెంట్రుకల్లో మట్టి ఉంటుంది, పైనుంచి కోస్తే ఎంత గొప్ప పదునైనా చస్తుంది. తోలు త్వరగా తీయకపోతే లోపలి వేడికి తొడ ఎముక చుట్టూ మాంసం పాడవుతుంది. ఆడదో మగదో తెలిపే భాగం మాంసానికి అతుక్కునే ఉండాలి, అది అక్కడి నిబంధన. కొమ్ములు మాత్రం తీసుకుని మాంసం వదిలేసేవాళ్లని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది, కొలరాడోలో అది నేరం కూడా.

మీరు హెచ్1బీ మీద ఉంటే ఇంకో మాట. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా వాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. ఆ లైసెన్సుకి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, 1949 జనవరి 1 నుంచి పుట్టిన అందరికీ కొలరాడోలో అది తప్పనిసరి. కత్తి కంటే ముందు ఈ పని చూసుకోండి.

ఇక మీరు అడిగిన ఉక్కు. ఎస్30వీ 2001లో కత్తుల కోసమే తయారైంది, పదును ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ మొద్దుబారితే కొండ మీద చిన్న సానరాయితో దారికి రాదు. 420హెచ్‌సీ త్వరగా మొద్దుబారుతుంది, నాలుగు రుద్దులకే మళ్లీ లేస్తుంది. కొత్తవాళ్లకి 420హెచ్‌సీయే మేలు. మిగిలే డబ్బుతో మాంసానికి గాలాడే గేమ్ బ్యాగులు, ఎడమ చేతికి కోత పడని గ్లోవ్, జేబులో పట్టే సానరాయి కొనండి. కుడిచేతి వాటమైతేనే ఎడమకి, లేదంటే అటుది ఇటు.