ఊరి పేరు ఒక్కటే వేసి వెతకకు

అమ్మాయీ,

బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తయినప్పటి నుంచి పొద్దస్తమానం ఉద్యోగాల సైట్లు చూస్తున్నావనీ, ఎక్కడి నుంచీ పిలుపు రావడం లేదనీ మీ అమ్మ ఫోనులో బాధపడింది. నీ చదువులో లోపమేమీ లేదు, దిగులు పడకు. మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగాల్లోకి మనుషులను తీసుకునే విభాగంలోనే నా సర్వీసంతా గడిచింది. ఆ సైట్లు అవతలి వైపు నుంచి ఎలా ఉంటాయో తెలుసు కాబట్టి నీకు పనికొచ్చేవి రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. స్థలం అన్న చోట శ్రీకాకుళం ఒక్కటే వేస్తున్నావట. నీ చదువుకు తగిన మందుల కంపెనీలు మనకు దగ్గరలో ఎక్కువగా ఉన్నది పైడిభీమవరంలో. అది రణస్థలం మండలం, మన జిల్లాయే. కానీ ప్రకటన పెట్టే మనిషి తరచుగా హైదరాబాదు ఆఫీసులో కూర్చుని ఉంటాడు. మన మండలాలు అతనికేం తెలుస్తాయి? ఒకరు శ్రీకాకుళం అని పెడతారు, ఒకరు విజయనగరం అంటారు, మరొకరు విశాఖపట్నం అని సరిపెడతారు. మూడూ వేసి చూడు. ఊరి పేరును ఇంగ్లీషులో రాసే తీరు కూడా ఒక్కటి కాదు. ‘పై’కి కొందరు వై అక్షరం వాడతారు, కొందరు ఏ, ఐ కలిపి రాస్తారు. ‘భీ’ దగ్గర ఒకరు ఐ, ఇంకొకరు రెండు ఈలు. అన్ని రకాలుగానూ వెతుకు. రాజాం 2022 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లాలో కలిసింది, అయినా పాత జిల్లా పేరుతో ప్రకటన కనిపిస్తే ఆశ్చర్యపోకు.

తర్వాత ఉద్యోగం పేరు. కెమిస్ట్రీ అని వేస్తే నీకు కోచింగ్ సెంటర్ల లెక్చరర్ పోస్టులే వస్తాయి. కంపెనీల్లో మందుల నాణ్యతను పరీక్షించే పనిని (క్వాలిటీ కంట్రోల్, పొట్టిగా క్యూసీ) క్యూసీ కెమిస్ట్, క్యూసీ అనలిస్ట్, క్యూసీ ఆఫీసర్, ట్రైనీ కెమిస్ట్ అని రకరకాలుగా పిలుస్తారు. ఒక్కో పేరూ విడివిడిగా వేసి, తేదీల వారీగా కొత్తవి పైకి వచ్చేలా పెట్టుకో. నెల దాటిన ప్రకటనల మీద పొద్దు పుచ్చవద్దు, వాటిలో చాలా పోస్టులు అప్పటికే నిండిపోయి ఉంటాయి. ఆ పేర్లకే అలర్టు పెట్టుకుంటే కొత్త ప్రకటన పడగానే మెయిల్ వస్తుంది.

ఇక అసలు విషయం. మేము వచ్చిన దరఖాస్తులన్నీ వరసగా చదివేవాళ్లం కాదు. మాకు కావలసిన మాటలు నాలుగు వేసి సైటులో వెతికేవాళ్లం: హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం), టైట్రేషన్ (ద్రావణాన్ని చుక్కలుగా కలిపి పదార్థం ఎంతుందో కొలిచే పద్ధతి), జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యతా నియమాలు), ఇలా. ఆ మాట నీ ప్రొఫైల్‌లో లేకపోతే నువ్వు మాకు కనిపించవు. ‘కష్టపడే స్వభావం, నిజాయితీ’ అని అందరూ రాస్తారు, వాటిని వేసి ఎవరూ వెతకరు. కాలేజీ ల్యాబులో టైట్రేషన్లు చేశావుగా, ఏయే రకాలో పేర్లతో రాయి. హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని దూరం నుంచి చూసి ఉంటే మాత్రం వచ్చని రాయకు. ఇంటర్వ్యూలో కాలమ్ ఏమిటి, మొబైల్ ఫేజ్ ఏమిటి అని మొదటే అడుగుతారు, అక్కడ తడబడితే నిజంగా వచ్చినవాటినీ నమ్మరు. ఈ మధ్య సైటులోకి వచ్చినవాళ్లను మాత్రమే చూపించమని వడపోసే వీలు కూడా ఉంటుంది. అందుకని వారానికి రెండు మూడు సార్లైనా లోపలికి వెళ్లి ఏదో ఒకటి సరిచేస్తూ ఉండు.

సైట్ల విషయానికొస్తే, నౌక్రీ 1997 నుంచి ఉంది, ఈ పనికి అది ముఖ్యం. లింక్డిన్ కూడా చూడు. కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ ఉచితం, దాన్ని మన పిల్లలు ఎందుకో పట్టించుకోరు. ఎక్కడ చూసినా, దరఖాస్తు పెట్టే ముందు కంపెనీ సొంత వెబ్‌సైటులోనూ ఆ ఖాళీ ఉందేమో చూసుకో.

డబ్బు అడిగారంటే అది ఉద్యోగం కాదు. రిజిస్ట్రేషన్ అంటారు, యూనిఫారం అంటారు, వైద్య పరీక్ష అంటారు. ఏ పేరు చెప్పినా పైసా పంపవద్దు, ఓటీపీ చెప్పవద్దు. పొరపాటున ఎవరైనా పంపితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మీ తమ్ముడు వెల్డింగ్ పనికి గల్ఫ్ వెళ్తానంటున్నాడని విన్నాను. ఉద్దానం వైపు పిల్లలు ఈ ప్రకటనలు నమ్మి పోగొట్టుకున్న డబ్బు తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైటులో చూడమను. లైసెన్సు ఉన్నవాడు కూడా తన సేవకు 30,000 రూపాయలూ, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షలు అడిగితే అక్కడితో మాట ఆపేయమను.

మందుల కంపెనీలు తరచుగా నేరుగా ఇంటర్వ్యూకు రమ్మని ప్రకటిస్తాయి. అందులో ఏ సంవత్సరం పాసైనవాళ్లను పిలిచారో ముందు చూడు, అది సరిపోకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. మార్కుల జాబితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు రెండేసి జెరాక్సులతో ఇప్పుడే ఫైలులో పెట్టుకో. రెజ్యూమే తిరగరాశాక నాకు వాట్సాప్‌లో పంపు, ఏ మాట ఉంచాలో ఏది తీసేయాలో గుర్తు పెట్టి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్ద మావయ్య