ట్రంకు పెట్టెలో 19 ఉత్తరాలు

ప్రశ్న: మేడమ్, మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా నాన్నమ్మ గత నెలలో పోయారు. ఆవిడ ట్రంకు పెట్టె అడుగున, పాత చీర మడతల్లో 19 ఇన్‌లాండ్ ఉత్తరాలు దొరికాయి. 1971 యుద్ధానికి వెళ్లిన మా పెదనాన్న రాసినవి. ఆయన క్షేమంగా తిరిగొచ్చారు, 2004లో పోయారు, బతికున్నన్నాళ్లూ యుద్ధం గురించి నోరు విప్పలేదు. ఆశగా చదివితే ఉత్తరాల్లోనూ యుద్ధం మాటే లేదు. గేదె ఈనిందా, పాక నేయించారా, తమ్ముడు బడికెళ్తున్నాడా, అన్నీ ఇవే. ఒకదాన్లో రెండు లైన్లు నల్ల సిరాతో కొట్టేసి ఉన్నాయి. కొన్నిటికి తేదీ లేదు. చిరునామాలో శ్రీకాకుళం జిల్లా అని ఎందుకుందో తెలియడం లేదు. నాన్నమ్మకి చదువు రాదు కాబట్టి ఎవరో ఒకరి చేత చదివించుకునేవారట. నాన్న వీటిని కూడా అస్థికలతో పాటు నాగావళిలో కలిపేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: కలపకండమ్మా. మిగతా సంగతులు తర్వాత, ముందు ఈ ఒక్క మాట మీ నాన్నగారికి చెప్పండి.

మీరు ఫోటోలు తీసి పంపిన మూడు ఉత్తరాలూ మళ్లీ మళ్లీ చదివాను. డిసెంబరు 7న రాసినదాన్లో ‘ఇక్కడ చలి అస్సలు లేదమ్మా, నువ్వు బెంగెట్టుకోకు’ అని ఉంది. పంపినవారి చిరునామాలో 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంది, అంటే మామూలుగా పడమటి, ఉత్తరపు సరిహద్దుల వైపు ఉన్నవాళ్లది (తూర్పు వైపు వాళ్లకి 99 ఏపీవో). యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది. మరి యుద్ధం మధ్యలో, డిసెంబరు నెలలో, ఆ సరిహద్దులో చలి లేకపోవడమేమిటి? అమ్మ నిద్రపోవాలని చెప్పిన అబద్ధం అది. యుద్ధం మాటే లేదని మీరనుకుంటున్న ఉత్తరంలో నాకు కనిపించిన యుద్ధం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది, మిగతా 16 ఉత్తరాలూ ఈ చూపుతో ఇంకోసారి చదవండి.

ఇంకో సంగతి. ఆ ఉత్తరం అమ్మ చేతికి వెళ్లేలోపు పైఅధికారి చూస్తాడని, ఊళ్లో ఇంకెవరో పైకి చదువుతారని ఆయనకి రాసేటప్పుడే తెలుసు. ఎక్కడున్నాం, ఎటు కదులుతున్నాం అన్నది రాయకూడదు, రాస్తే కొట్టేస్తారు. మీ నల్ల లైన్ల కథ బహుశా అదే అయ్యుంటుంది. దయచేసి వాటిని గీకి చూడొద్దు, కాగితం చిరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకి వెళ్లిన మన సిపాయిల ఉత్తరాలనైతే ఇంగ్లీషులోకి తర్జుమా చేయించుకుని మరీ చదివేవారు. అది తెలిసి సిపాయిలు నల్ల మిరియాలు, ఎర్ర మిరప అని మారుపేర్లతో రాసుకునేవారు, నల్లవంటే మనవాళ్లు, ఎర్రవంటే తెల్లసిపాయిలు! మీ పెదనాన్నగారి గేదె గేదేలెండి, అందులో మర్మం వెతకక్కర్లేదు. ‘పెయ్యదూడా, పోతుదూడా?’ అని మూడింట్లో రెండు ఉత్తరాల్లో అడిగారంటే ఆ మనిషికి తెల్లారి ఇంటి పాలచెంబు గుర్తొస్తోందన్నమాట.

ఆ ఏడాది నేను మూడో తరగతి, ఆమదాలవలస దగ్గర మా పల్లెలో. ఎదురింటి మామ్మ కొడుకు మిలట్రీలో ఉండేవాడు, ఉత్తరం వస్తే నన్నే పిలిచేది. విప్పగానే చదవనిచ్చేది కాదు. ‘ముందిది సెప్పే, రాత మావోడిదేనా?’ అని అడిగేది. వేరే ఎవరైనా రాశారంటే చేతికి దెబ్బ తగిలిందేమోనని భయం. వాడిదే మామ్మా అన్నాక, తడిచెయ్యి చీరకి తుడుచుకుని, కాగితం తీసుకుని ఆ అక్షరాల మీద వేలితో ఒకసారి నెమ్మదిగా నిమిరి, అప్పుడు నాకిచ్చేది. ఇప్పుడు మీరు పంపిన ఫోటోల్లో మడతల దగ్గర కాగితం పల్చబడి ఉంది చూడండి, చదువు రాని మీ నాన్నమ్మగారు వాటిని ఎన్నిసార్లు విప్పి ఉంటారో దాన్నిబట్టే తెలుస్తోంది.

డిసెంబరు 20 నాటి ఉత్తరమైతే నన్ను కదిలించేసింది. ‘విశాఖ దగ్గర సముద్రంలో పాకిస్తానోళ్ల జలాంతర్గామి మునిగిందంట, మీకేటీ బయం లేదు కదా?’ అంటారు. అది ఘాజీ, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరంలో మునిగింది. బొబ్బిలికి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. అయినా యుద్ధంలో ఉన్న కొడుకు ఇంట్లో ఉన్న అమ్మకి ఏమవుతుందోనని టెన్షన్ పడ్డాడు.

చిరునామా విషయానికొస్తే తప్పేమీ లేదు. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది, అంతకుముందు బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. తేదీ లేనివాటిలో పిన్‌కోడ్ ఉందేమో చూడండి, అది 1972 ఆగస్టు 15న వచ్చింది కాబట్టి, ఉంటే ఆ తర్వాతదే. విజయనగరం పైడితల్లమ్మ జాతర సిరిమాను బాగా జరిగిందా అని అడిగి ఉంటే దసరా వెళ్లాక రాసినట్టు. పోస్టు ముద్ర మసకగా ఉన్నా ఫోన్‌లో పెద్దది చేస్తే ఒక్కోసారి అంకెలు దొరుకుతాయి.

సెల్లోటేపు వేయకండి, లామినేషన్ అసలే వద్దు. మడత విప్పి, రెండు వైపులా ఫోటో తీసి, ఎండా తేమా తగలని చోట తెల్లకాగితాల మధ్య పెట్టండి చాలు.

మీ నాన్నగారి సంగతి. ఆ ఉత్తరాల్లో బడికెళ్తున్నాడా అని అడిగిన తమ్ముడు ఆయనే కదా. కలిపేద్దామనడం కోపంతో కాదేమో, అన్న మాట, అమ్మ మాట ఒకేసారి వినడం కష్టమై ఉంటుంది. తొందరపెట్టకండి. పెద్దకార్యం అయిన పది రోజులకి, ఆయన పేరున్న ఉత్తరం ఒక్కటి ఇచ్చి, నాన్నా, మాకు చదివి వినిపించు అనండి. చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

ప్రశ్న: మా తాత మిలట్రీలో పనిచేశారని తప్ప వివరాలేవీ లేవు. ఎక్కడ అడగాలి?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: సర్వీసు నంబరు దొరికితే సగం పని అయినట్టే. పాత ఉత్తరాల మీద పంపినవారి దగ్గర, డిశ్చార్జి పుస్తకంలో, పెన్షన్ కాగితాల్లో వెతకండి. దాంతో ఆయన రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకి రాయాలి, మద్రాస్ రెజిమెంటుకైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్‌కైతే (సైన్యంలో ఇంజినీరింగ్ దళం) బెంగళూరు. రెజిమెంటు పేరు కూడా తెలియకపోతే శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. తాతగారి ఫోటో ఉంటే అదీ తీసుకెళ్లండి, టోపీ మీద బ్యాడ్జి చూసి అక్కడి పాత సైనికులు రెజిమెంటు చెప్పేస్తారు.