ప్రశ్న మీది: లారెల్‌ని చంపడం న్యాయమేనా?

పోయిన నెల ఈ శీర్షికలో 'ఆరో' గురించి మాటవరసకు నాలుగు వాక్యాలు రాశాను. ఉత్తరాలు వెల్లువెత్తాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క సీరియల్‌కే ఇచ్చేశాను. చూడనివారి కోసం రెండు ముక్కలు: డీసీ కామిక్స్‌లోని గ్రీన్ ఆరో పాత్రను తీసుకుని అమెరికాలోని సీడబ్ల్యూ ఛానెల్ 2012 అక్టోబరు నుంచి 2020 జనవరి దాకా ఎనిమిది సీజన్లు, 170 ఎపిసోడ్లు ప్రసారం చేసింది. పడవ మునిగి ఐదేళ్లు జాడలేకుండా పోయిన కోటీశ్వరుడి కొడుకు ఆలివర్ క్వీన్ ఊరికి తిరిగొచ్చి, రాత్రిళ్లు ముఖం దాచుకుని విల్లు పట్టి నేరగాళ్ల మీద పడతాడు. కథ అక్కడ మొదలవుతుంది. ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: మేడమ్, నాలుగో సీజన్‌లో లారెల్ చనిపోగానే నేను ఆ సీరియల్ చూడటం ఆపేశాను. ఇప్పుడు మా తమ్ముడు మొదటి నుంచి చూస్తున్నాడు. "ఆ అమ్మాయి వల్ల కథకేం ఒరిగింది? పోతే పోయింది" అంటాడు. నాకు ఇప్పటికీ కోపమే. ఒక సీరియల్ పాత్ర కోసం ఇంత కోపం తెచ్చుకోవడం సబబేనా?
– ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సబబే అమ్మా. ఆ కోపం ఎక్కడ పుట్టిందో చూస్తే మీ తమ్ముడికి చెప్పాల్సిన జవాబు కూడా అందులోనే దొరుకుతుంది.

లారెల్ లాన్స్ (నటి కేటీ కాసిడీ) మొదటి ఎపిసోడ్ నుంచీ ఉన్న మనిషి. డబ్బు లేనివాళ్ల తరఫున కేసులు వాదించే లాయరు. తను ప్రేమించినవాడు తన చెల్లెలు సారాను వెంటబెట్టుకుని పడవెక్కాడు. పడవ మునిగింది. ఐదేళ్లకు వాడొక్కడే తిరిగొచ్చాడు. ఈలోగా ఇంట్లో తండ్రి తాగుడుకు బానిసయ్యాడు, తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. మొదటి సీజన్ చివర కూలుతున్న ఆఫీసులోంచి ఆమెను బయటపడేసిన ఆలివర్ స్నేహితుడు టామీ ఆ శిథిలాల కిందే ప్రాణం వదిలాడు. రెండో సీజన్‌కి వచ్చేసరికి తనూ మందుకూ మాత్రలకూ అలవాటుపడింది. ఉద్యోగం ఊడింది.

ప్రేక్షకుల్లో ఒక వర్గం ఆమెను తిట్టిపోయడం ఇక్కడ ఊపందుకుంది. ఎప్పుడు చూసినా ఏడుపేనా, ఎప్పుడు చూసినా కోపమేనా అన్నారు. మొదటి సీజన్‌లో ఆలివర్ బాణాలతో మనుషుల్ని వరసగా చంపుకుంటూ పోతే, పాపం పడవ మునిగాక చిక్కుకున్న దీవిలో ఎన్ని బాధలు పడ్డాడో అని సరిపెట్టుకున్నదీ ఆ ప్రేక్షకులే. బాధ పడిన మగవాడు విల్లు పట్టుకుంటే వీరుడు, బాధ పడిన ఆడది సీసా పట్టుకుంటే విసుగు. ఈ తేడా నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

మూడో సీజన్ మొదట్లోనే సారా హత్య. చెల్లెలి నల్ల జాకెట్ వేసుకుని లారెల్ వీధిలోకి దిగింది. మొదట్లో తన్నులు తింది. టెడ్ గ్రాంట్ దగ్గర బాక్సింగ్ నేర్చుకుంది, ఆ తర్వాత సారా ప్రియురాలు నిస్సా దగ్గర యుద్ధవిద్య. తండ్రికి గుండెజబ్బు, అందుకని చెల్లి చావు వార్తను ఆయన దగ్గర నెలల తరబడి కడుపులో దాచుకుంది. ఇవన్నీ దాటుకుని నాలుగో సీజన్‌లో బ్లాక్ కెనరీ అనే ముసుగు వీరురాలిగా కాళ్ల మీద నిలబడింది. సరిగ్గా అప్పుడు, 2016 ఏప్రిల్ 6న ప్రసారమైన ఎపిసోడ్‌లో, చంపేశారు.

ఆ ఎపిసోడ్ మళ్లీ చూడండి. డిస్ట్రిక్ట్ అటార్నీ పదవి ఆమెను వెతుక్కుంటూ వస్తుంది. ముసుగు తీసేసి ఆ కుర్చీలో కూర్చోవాలా అని ఆలోచనలో పడుతుంది. ఈ ఒక్కసారికి వెళ్లొద్దామనుకుంటుంది. నాలాంటి సీరియల్ రైటర్లకు ఆ "ఒక్కసారి" చెవిన పడగానే సంగతి తెలిసిపోతుంది. జైల్లో గొడవ, అక్కడ ఆ సీజన్ విలన్ డేమియన్ డార్క్. నీ తండ్రి నాకు ద్రోహం చేశాడు, దానికి ఇది ఫలితం అన్నట్టుగా ఆలివర్ బాణమే తీసుకుని ఆమె ఒంట్లో దించుతాడు. ఆస్పత్రిలో ఆపరేషన్ బాగానే జరిగిందంటారు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు ఆలివర్‌ని ఒక్కడినే ఉండమని, నీ జీవితంలో అసలైన ప్రేమ నేను కాదని తెలుసు, నా జీవితంలో మాత్రం నువ్వే అని చెబుతుంది. కాసేపటికే గుండె ఆగిపోతుంది. టైమ్ పదకొండు యాభై తొమ్మిది. ఎపిసోడ్ పేరూ అదే.

ఇప్పుడు లెక్క చూడండి. చావుకు కారణం తండ్రి చేసిన పని. చావుబతుకుల మధ్య ఆమె నోట వచ్చిన మాట ఆలివర్ గురించి. మరి లారెల్ గురించి లారెల్‌కి ఏం మిగిలింది? తాగుడు మానుకున్న మనిషి, కోర్టులో నిలబడ్డ మనిషి, చెల్లెల్ని పోగొట్టుకున్న అక్క, వీళ్లలో ఒక్కరూ ఆ మంచం మీద లేరు. మీకు కోపం తెప్పించింది ఇదే. వీరులు చనిపోతారని మీకు తెలియక కాదు.

దీనికితోడు ఇంకో సంగతి. నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ చివర, 2015 అక్టోబరులో, ఆరు నెలల తర్వాత అంటూ ఆలివర్ ఒక సమాధి ముందు నిలబడ్డ దృశ్యం వేశారు. ఎవరి సమాధి అని జనం నెలల తరబడి పందాలు కాశారు. ఆ దృశ్యం తీసినప్పుడు అందులో ఎవరున్నారో తమకే తెలియదని నిర్మాతలు తర్వాత ఒప్పుకున్నారు. ముందు గొయ్యి తవ్వి, తర్వాత మనిషిని వెతికారన్నమాట. అభిమాని ఇలాంటిది పసిగడతాడు.

నా వృత్తిలోంచి ఒక మాట. ఒక డైలీ సీరియల్‌లో వదిన పాత్రను ముగించాల్సి వచ్చింది. ఆర్టిస్టు పెళ్లి చేసుకుని వెళ్లిపోతోంది, ఛానెల్ రీప్లేస్‌మెంట్ వద్దంది. చివరి సీన్‌లో అందరూ అనుకున్న డైలాగు "మీ అన్నయ్యను జాగ్రత్తగా చూసుకో" అని. నేను పట్టుబట్టి ఇంకో వాక్యం కూడా రాశాను. "నా కుట్టుమిషన్ అమ్మేయకండి, పక్కింటి పాపకు నేర్పిస్తానన్నాను, దానికివ్వండి" అని. తర్వాత వారమంతా వచ్చిన ఫోన్లలో ఆడవాళ్లు అడిగింది ఆ మిషన్ గురించే. ఇచ్చారా లేదా, పాప నేర్చుకుందా అని. చనిపోయిన మనిషికి తనదంటూ ఒకటి ఉంటే చూసేవాళ్లు ఆ చావును భరిస్తారు.

ఆరో రచయితలకు లారెల్ ముఖం కావాల్సి వచ్చింది, మరో లోకం నుంచి బ్లాక్ సైరెన్‌ని తెచ్చి కేటీ కాసిడీకే ఆ వేషం ఇచ్చారు. దుర్మార్గురాలిగా వచ్చిన ఆ రెండో లారెల్ నెమ్మదిగా మంచిదారిలో పడటం, మొదటి లారెల్ తండ్రి క్వెంటిన్ ఆమెను కన్నబిడ్డలా చూసుకోవడం బాగా రాశారు, అది కాదనను. కానీ ఆఖరి ఎపిసోడ్‌లో ఆలివర్ త్యాగంతో లోకం కొత్తగా రూపుదిద్దుకున్నప్పుడు తల్లి మొయిరా బతికొచ్చింది, టామీ బతికొచ్చాడు, క్వెంటిన్ బతికొచ్చాడు. మొదటి లారెల్ రాలేదు. మీ తమ్ముడు అక్కడిదాకా చూశాక మళ్లీ అడగండి, పోతే పోయిందా అని.

ఒక్కటి మాత్రం. కథ మీద కోపం కథ రాసినవాళ్ల మీద చూపించవచ్చు. వేషం వేసిన మనిషిని తిట్టకూడదు. ఆవిడకు కాగితం మీద ఏది వస్తే అదే చేస్తుంది.

ప్రశ్న: ఫెలిసిటీని అభిమానులే పెంచిన్రు, ఆఖరికి అభిమానులే కథను ఆగం చేసిన్రు అని మా హాస్టల్ల పెద్ద లొల్లి. రచయితలు జనం మాట వినాల్నా, వద్దా?
– బి.ఎస్సీ. విద్యార్థి, హనుమకొండ

జవాబు: వినాలి తమ్ముడూ. ఏది వినాలో తెలియాలి, అక్కడే చిక్కు.

ఫెలిసిటీ వేషం వేసిన ఎమిలీ బెట్ రికార్డ్స్‌ని మొదట తీసుకున్నది ఒక్క ఎపిసోడ్‌కే. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్ గుర్తు చేసుకో. కంప్యూటర్ల విభాగంలో ఒక అమ్మాయి నోట్లో ఎర్ర పెన్ను పెట్టుకుని పని చేసుకుంటుంటుంది. ఆలివర్ ఒక ల్యాప్‌టాప్ తెచ్చి, కాఫీ ఒలికిందంటాడు. దాని నిండా తూటాల రంధ్రాలు! ఆమె వాటి వంక చూసి, అతని వంక చూసి, ఇవి తూటా దెబ్బల్లా ఉన్నాయే అంటుంది. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న ఆలివర్ ముఖంలో ఆ సీన్‌లో నవ్వు పుట్టింది. ఆ నవ్వును సెట్ మీదివాళ్లూ చూశారు, ఇంట్లో కూర్చున్నవాళ్లూ చూశారు. రెండో సీజన్‌కల్లా ఆమె ప్రధాన తారాగణంలో ఉంది. జనం మాట వినడమంటే ఇది. తెరమీద ఆల్రెడీ పుట్టిన ప్రాణాన్ని గుర్తుపట్టడం.

తర్వాత అభిమానులు రెండుగా చీలిపోయారు. కామిక్స్ చదివినవాళ్లకు గ్రీన్ ఆరో, బ్లాక్ కెనరీ జంట అంటే తరతరాలుగా స్థిరపడ్డ సంగతి. ఆలివర్–ఫెలిసిటీ కావాలన్నవాళ్లు ఇంకోవైపు. నా మనసు చెప్పమంటే ఫెలిసిటీ వైపే, ఆ నవ్వు వల్ల. కానీ నాలుగో సీజన్‌లో ఏం చేశారు? ఆ జంటను జనం కోరారని వాళ్లకు ఇల్లు, నిశ్చితార్థం, కాల్పులు, చక్రాల కుర్చీ, దాచిపెట్టిన కొడుకు, అన్నీ ఒకదాని మీద ఒకటి గుప్పించారు. వెన్నులో పెట్టిన చిప్ పుణ్యమా అని కాళ్లు కదలగానే ఫెలిసిటీ ఉంగరం తిరిగిచ్చి, కుర్చీలోంచి లేచి, తలుపు దాటి వెళ్లిపోతుంది. నడక తిరిగి రావడం ఒక మనిషి బతుకులో ఎంత పెద్ద సంగతి! ఆ ఆనందానికి ఒక్క నిమిషం కూడా ఇవ్వకుండా దాన్ని గొడవకు ముగింపుగా వాడేశారు. ఇక్కడ తప్పు అభిమానులది కాదు. వాళ్లు ఇద్దరు మనుషుల్ని కోరుకున్నారు, రచయితలు రోజుకో ట్రాక్ ఇచ్చారు.

మీ హాస్టల్లో రెండు వర్గాలకూ నా తరఫున చెప్పు: లారెల్‌ని తక్కువ చేసి ఫెలిసిటీని ఎక్కువ చేయాల్సిన పని లేదు. ఆ ఇద్దరూ తెరమీద పోట్లాడుకున్నదానికన్నా చూసేవాళ్లు వాళ్ల పేరు మీద పోట్లాడుకున్నది చాలా ఎక్కువ.

ప్రశ్న: మా పన్నెండేళ్ల పాపతో కలిసి 'ఆరో', 'ది ఫ్లాష్' రెండూ చూస్తున్నాం. డిగిల్ కూతురు ఉన్నట్టుండి కొడుకు అయిపోయేసరికి "అమ్మా, ఆ పాప ఏమైపోయింది, ఎవరూ ఏడవరేంటి?" అని రెండు రోజులు అడుగుతూనే ఉంది. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, డాలస్

జవాబు: మీ పాప అడిగిన ప్రశ్ననే 2016లో పెద్దవాళ్లూ అడిగారండీ. 'ది ఫ్లాష్' హీరో బ్యారీ తన తల్లిని బతికించుకోవాలని కాలంలో వెనక్కి వెళ్లి, మళ్లీ సరిచేసి వచ్చేసరికి కొన్ని తేడాలు మిగిలిపోయాయి. డిగిల్ దంపతులు సారా పేరు పెట్టుకున్న పాప స్థానంలో జాన్ అనే బాబు ఉన్నాడు. బాబు మీద ప్రేమకు లోటు లేదు, కానీ లేకుండా పోయిన పాప తల్లిదండ్రులకు గుర్తు కూడా లేదు. నాకు ఆ సీరియల్‌లో జరిగిన హత్యలన్నిటికంటే ఇదే గుండెను పిండింది.

ఆలివర్ సహచరుడు డిగిల్ (డేవిడ్ రామ్సే) కామిక్స్‌లోంచి వచ్చినవాడు కాదు, ఈ సీరియల్ కోసం పుట్టించినవాడు. జనం ఎంతగా ఆదరించారంటే తర్వాత కామిక్స్‌లోకే ఆయన్ను తీసుకున్నారు. అలాంటి నమ్మకస్తుడికి ఈ అన్యాయం జరిగిందని అభిమానులు మర్చిపోలేదు. పాపకు ధైర్యంగా చెప్పండి, ఓపిక పట్టమని. ఎనిమిదో సీజన్‌లో లోకాలన్నీ ఒక్కటయ్యాక డిగిల్ ఇంటికి వెళ్లేసరికి అక్కడ సారా ఉంటుంది, బాబు జాన్‌తో సహా. ఆ రోజు మీ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చూడండి.

ప్రశ్న: నాకు విలన్ స్లేడ్ విల్సన్ అంటేనే ఇష్టం. తప్పా?
– ఎలక్ట్రీషియన్, అనంతపురం

జవాబు: తప్పేం లేదు. రెండో సీజన్ ఇప్పటికీ అందరి నోళ్లలో నానుతోందంటే సగం ఘనత మాను బెన్నెట్‌దే. దీవిలో ఆలివర్‌కి కర్ర తిప్పడం నేర్పిన స్నేహితుడు, తను ప్రేమించిన షాడో అనే అమ్మాయి చావుకు ఆలివరే కారణమని నమ్మి పగబట్టాడు. ఆ స్నేహం చూశాం కాబట్టి ఆ పగ మనకు అర్థమవుతుంది. తల్లీ చెల్లీ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమని ఆలివర్‌ని కట్టిపడేసిన సీన్‌లో మొయిరా తనంతట తానే లేచి నిలబడి, కూతురిని కళ్లు మూసుకోమంటుంది. స్లేడ్ ఒక్క క్షణం ఆగి, ఆమె ధైర్యాన్ని మెచ్చుకుని, ఆ తర్వాతే కత్తి దించుతాడు. ఆ ఒక్క క్షణం లేకపోతే అతను మామూలు రాక్షసుడు. మీరు 6వ సీజన్ ఇంకా చూడకపోతే అందులో అతను కొడుకు కోసం వెతికే రెండు ఎపిసోడ్లు ఉన్నాయి, ఐదు, ఆరు. ముందు అవి చూసి నాకు రాయండి.