పాఠకుల ప్రశ్నలు: ఆర్‌వీకి రెండో ఏసీ తగిలించవచ్చా?

ప్రశ్న: మాది 31 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి ఆర్‌వీ. కప్పు మీద 13,500 బీటీయూల (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ ఒకటే ఉంది, అదీ హాలు మీద. బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే పొద్దస్తమానం తిరిగినా లోపల 84 కంటే దిగదు, వెనక పడకగదిలో అయితే రాత్రి పదింటి దాకా అడుగు పెట్టలేం. పడకగది కప్పుకి ఫ్యాన్ కన్నం ఎలాగూ ఉంది కదా, అందులో ఇంకో ఏసీ దించేస్తే పోతుందని మావారు అంటున్నారు. మాది 30 ఆంపుల కనెక్షన్. ఏసీ మొదలయ్యేటప్పుడు గుంజే కరెంటుని తగ్గించే సాఫ్ట్ స్టార్ట్ పెట్టుకుంటే దాని మీదే రెండూ నడుస్తాయని స్నేహితులొకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: రెండోది పెట్టించవచ్చండీ. 30 ఆంపుల మీద రెండూ ఒకేసారి హాయిగా నడుస్తాయన్న మాట మాత్రం నమ్మకండి.

కన్నం విషయంలో మీవారు చెప్పింది కరెక్టే. ఆర్‌వీల్లో కప్పు ఫ్యాన్‌కీ ఏసీకీ కన్నం ఒకటే కొలత, 14 అంగుళాలకు 14. ఫ్యాన్ ఊడదీస్తే ఏసీ అందులో సరిగ్గా కూర్చుంటుంది. కొన్ని ట్రైలర్లలో తయారుచేసినవాళ్లే రెండో ఏసీ కోసం ఆ కన్నం చుట్టూ గట్టి ఫ్రేము వేసి, వైరు కూడా లాగి పెట్టేస్తారు. మీదాంట్లో ఉందేమో, ఫ్యాన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం నాలుగు స్క్రూలూ విప్పి చూడండి. లోపల పసుపు రంగు వైరు చుట్ట చుట్టి కనిపిస్తే మీ పని సగం అయినట్టే.

ఇప్పుడు బండి దిగి ప్లగ్గు చేతిలోకి తీసుకోండి. అమెరికాలో మీకున్న ఈ మూడు పిన్నుల ప్లగ్గు అంటే 30 ఆంపులు, 120 వోల్టులు, మొత్తం కలిపి 3,600 వాట్లు. నాలుగు పిన్నులుంటే 50 ఆంపులు. అంకెలు చూసి తేడా ఇరవయ్యే అనుకుంటారు చాలామంది, కానీ 50లో ఒక్కోటి 120 వోల్టుల తీగలు రెండుంటాయి, ఒక్కో తీగ మీద 50 ఆంపులు, అంటే 12,000 వాట్లు. మూడింతలు దాటింది! అక్కడ ఒక ఏసీ ఒక తీగ మీద, రెండోది రెండో తీగ మీద వేస్తారు కాబట్టి ఇబ్బంది ఉండదు. మీకా వెసులుబాటు లేదు.

మీ ఏసీ మామూలు ఎండలో 12, 13 ఆంపులు లాగుతుంది, మండుటెండలో 15 దాకా పోతుంది. రెండు కలిస్తే 26 నుంచి 30. దానికి తోడు బ్యాటరీ చార్జ్ చేసే కన్వర్టర్ ఐదారు లాగుతుంది, ఫ్రిజ్ కరెంటు మీద ఉంటే అదో మూడు. ఇంతలో ఎవరో ఒకరు మైక్రోవేవ్‌లో పాలు పెడతారు, అదొక్కటే 12. గంటల తరబడి నడిచే లోడు బ్రేకర్ మీది అంకెలో 80 శాతం దాటకూడదన్నది కరెంటు పనివాళ్ల లెక్క, మీకు అది 24 ఆంపులు. ఏసీలు రెండే వేసి చీకట్లో కూర్చున్నా ఆ గీత దాటేశారు.

ఇక సాఫ్ట్ స్టార్ట్. అది మంచి వస్తువే, నేను కాదనను. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఏసీ 50, 60 ఆంపులు గుంజుతుంది, ఆ గుంజుడుని ఇది సగానికి పైగా తగ్గిస్తుంది, అందుకే చిన్న జనరేటర్ మీద ఏసీ మొరాయిస్తుంటే దీంతో లేస్తుంది. కానీ మొదలయ్యాక ఏసీ లాగే 13 ఆంపులు 13గానే ఉంటాయి, అందులో ఒక్క ఆంపు కూడా తగ్గదు. మీ స్నేహితుల బండిలో రెండూ నడిచాయంటే చల్లటి సాయంత్రం పూట, మిగతావన్నీ కట్టేసి ఉన్నప్పుడు నడిచి ఉంటాయి.

మరేం చేయాలంటారా? మీకు నేనైతే రెండో ఏసీ పెట్టించి, రెంటికీ మధ్య ఒక చేంజోవర్ స్విచ్చి వేయించుకోమంటాను, అంటే ఏ క్షణంలోనైనా ఒకటే నడుస్తుంది. పగలు హాలు, రాత్రి పడకగది. వినడానికి పిసినారి ఉపాయంలా ఉంటుంది గానీ మీ బాధంతా రాత్రి పడక దగ్గరే కదా, అక్కడ ఒక ఏసీ పూర్తిగా మీ నెత్తి మీదే ఉంటే పావుగంటలో గది చల్లబడుతుంది. అదే పనిని తనంతట తాను చేసే లోడు కంట్రోలర్లు కూడా దొరుకుతాయి. ఎప్పటికైనా ఒకే కేబుల్ మీద రెండూ కలిపి నడవాల్సిందే అంటే 50 ఆంపులకు మారాలి, అది ప్లగ్గు మారిస్తే అయ్యే పని కాదు. బండికి కరెంటు ఎక్కే సాకెట్, 6 గేజ్ కేబుల్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), లోపలి ప్యానెల్ అన్నీ మారాలి. పాత 10 గేజ్ వైరు అలాగే ఉంచి బ్రేకర్ ఒక్కటి పెద్దది వేసేవాళ్లున్నారు, అది గోడలో నిప్పు పెట్టుకోవడమే.

అయితే ఇవన్నీ చేసే ముందు, ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఏసీ ఆపి, హాలు కప్పుకి ఉన్న గాలి పీల్చే జల్లెడ మూత, ఫిల్టరు తీసి లోపలికి టార్చి వేసి చూడండి. చల్లగాలి గదులకు తీసుకెళ్లే గొట్టంలోకి (డక్టులోకి) పోయే దారికీ, గది గాలి పైకి పీల్చుకునే దారికీ మధ్య ఒక అడ్డుగోడ ఉంటుంది, దాన్ని వెండిరంగు ఫాయిల్ టేపుతో అంటిస్తారు. రోడ్డు కుదుపులకు ఆ టేపు ఊడి నాలుకలా వేలాడుతుంటుంది. మా ట్రైలర్లో నా అరచేయి దూరేంత సందు ఉండేది, దాంట్లోంచి చల్లగాలి పడకగదికి పోకుండా తిన్నగా మళ్లీ ఏసీలోకే పోయేది. చిల్లు కుండలో నీళ్లు తోడినట్టు ఎంత తిరిగినా ఏం లాభం? పైగా చల్లగాలే మళ్లీ మళ్లీ పీల్చి ఏసీలోని చల్లటి గొట్టాల చుట్ట (కాయిల్) మీద మంచు కట్టేది. ఫాయిల్ టేపు ఒక చుట్ట కొని గంటసేపు మెడ పైకెత్తి అంటించాను, మూడు రోజులు మెడ పట్టేసింది గానీ పడకగదిలోకి గాలి వచ్చింది. అంటించాక థర్మామీటరుతో పీల్చే గాలినీ, దగ్గర్లో ఉన్న చల్లగాలి వచ్చే కన్నంలోంచి (వెంట్) వచ్చే గాలినీ చూడండి. తేడా 16 నుంచి 22 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే ఏసీ తన పని తాను చేస్తున్నట్టే. తక్కువుంటే కాయిళ్లు శుభ్రం చేయించండి. కప్పు అద్దాలకీ కిటికీలకీ వెండి రేకు షీటు అడ్డం పెట్టండి. అప్పుడూ 84 దిగకపోతే రెండో ఏసీ కొనండి, నేను అడ్డం రాను.

పెట్టించేటప్పుడు: యూనిట్ 100 పౌండ్లు అటూఇటుగా ఉంటుంది, కన్నం చుట్టూ ఫ్రేము దాన్ని మోయగలదో లేదో ముందే చూపించండి. దానికి సొంత 20 ఆంపుల బ్రేకర్, 12 గేజ్ వైరు ఉండాలి. కింద ఉండే స్పాంజి గాస్కెట్‌ని నాలుగు బోల్టులూ కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగిస్తూ సగం మందానికి అణచాలి. అంతకంటే బిగిస్తే కప్పు వంగి దాని చుట్టూ నీళ్లు నిలుస్తాయి. గాస్కెట్ కింద సిలికాన్ పూయడానికి వస్తే ఆపేయండి. పని అయ్యాక బండి ఎత్తు మళ్లీ కొలిచి, కాగితం మీద రాసి డ్రైవర్ కళ్ల ముందు అంటించండి, బ్రిడ్జి కింద గుర్తు తెచ్చుకుంటే ఉపయోగం ఉండదు.

ప్రశ్న: క్యాంపు స్థలంలో కరెంటు పెట్టెకి 30తో పాటు 20 ఆంపుల సాకెట్ కూడా ఉంటుంది కదా. రెండో ఏసీకి విడిగా ఒక కేబుల్ వేసి అందులో పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు, చాలామంది అదే చేస్తున్నారు, 30 ఆంపుల బండికి ఇది తెలివైన దారే. షరతు ఒక్కటే: ఆ లైను బండి ప్యానెల్‌తో ఎక్కడా కలవకూడదు. బండి గోడకి విడిగా ఒక సాకెట్, అక్కడి నుంచి తిన్నగా రెండో ఏసీకి వైరు, అంతే. మధ్యలో ఏ తెలివైనవాడో న్యూట్రల్ తీసుకెళ్లి ప్యానెల్‌లో కలిపాడంటే లీకేజీ రక్షణ ఉన్న ఆ సాకెట్ మాటిమాటికీ పడిపోతుంది. కేబుల్ 12 గేజ్ కంటే సన్నగా ఉండకూడదు, పొడవు పెరిగితే ఇంకా లావైన 10 గేజ్ తీసుకోండి. ఏసీ వేసిన అరగంటకి ప్లగ్గు పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి తీసేయాలనిపిస్తే వెంటనే ఆపండి. పిన్నుల మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిన ప్లగ్గుని మళ్లీ వాడొద్దు. ఎండాకాలం మధ్యాహ్నం అందరూ ఏసీలు వేసినప్పుడు వోల్టేజీ కూడా చూసుకోండి, 105 కంటే దిగితే కంప్రెసర్ పాడవుతుంది, కాసేపు కట్టేయడమే మేలు.

ప్రశ్న: జనరేటర్ మీద రెండు ఏసీలు నడవాలంటే ఎంతది కావాలి?

జవాబు: 5,500 వాట్లది చూసుకోండి. ఎత్తు ప్రదేశాలకు వెళ్తుంటే ఇంకాస్త పెద్దది, ఎందుకంటే ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు 3 శాతం శక్తి తగ్గిపోతుంది.

ప్రశ్న: ఇంటి దగ్గర బండి ఆపుకోవడానికి 30 ఆంపుల సాకెట్ వేయిస్తున్నాం. ఏమైనా జాగ్రత్తలున్నాయా?

జవాబు: ఒకటుంది, చాలా పెద్దది. మూడు పిన్నుల 30 ఆంపుల సాకెట్ చూడగానే కొందరు ఎలక్ట్రీషియన్లు బట్టల డ్రయ్యర్‌ది అనుకుని 240 వోల్టులు ఇచ్చేస్తారు. మీ బండికి కావాల్సింది 120. నాకు తెలిసిన ఒకాయన కొత్త సాకెట్‌లో ప్లగ్గు పెట్టిన క్షణంలో ఏసీ బోర్డు, మైక్రోవేవ్, కన్వర్టర్ మూడూ పోయాయి, టీవీ ఆ రోజు ఊడదీసి ఉంది కాబట్టి బతికింది. పనివాడు ఇంకా అక్కడ ఉండగానే మీటరు పెట్టి చూపించమనండి. అది 120 చూపించేదాకా బండి కేబుల్ ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లకండి.