టెక్ సందేహాలు: బీరువాలోని జనతా వాచీకి కీ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా పదిహేనేళ్లుగా బీరువాలోనే ఉంది. కీ ఇస్తే పావుగంట నడిచి ఆగిపోతోంది. ఫోన్ యాప్‌తో వాచీ కండిషన్ తెలుస్తుందంటున్నారు, నిజమేనా? ఆన్‌లైన్‌లో అదే కంపెనీ 'పైలట్' మోడల్ వాచీ ఒకటి 'పాత స్టాకు, వాడలేదు' అని 1,500 రూపాయలకు పెట్టారు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ కీ ఇవ్వడం ఆపండి. లోపల ఆయిల్ ఎప్పుడో ఎండిపోయి జిగురులా పట్టేసి ఉంటుంది, అలాగే నడిపిస్తే ఇరుసులు అరిగిపోతాయి. మెషీన్ మొత్తం విప్పి, కడిగి, మళ్లీ ఆయిల్ వేయాలి. నేనూ ఒకసారి మోసపోయాను. ఒక షాపాయన విప్పకుండానే పెట్రోల్‌లో ముంచి తీసి ఇచ్చాడు, రెండు వారాలు బంగారంలా నడిచింది, తర్వాత షరా మామూలే. అందుకే 'ఏమేం విప్పుతారు?' అని అడిగాకే వాచీ చేతికివ్వండి.

యాప్ మాట నిజమే, కానీ సర్వీసింగ్ అయ్యాక. జనతాలో మెషీన్ గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు టిక్కుమంటుంది. టిక్కుల శబ్దం విని వాచీ రోజుకెంత ముందుకో వెనక్కో పోతోందో చెప్పే 'టైమ్‌గ్రాఫర్' యాప్‌లో ఆ 18,000 అంకె పెట్టి, ఫుల్ కీ ఇచ్చి, వైరున్న ఇయర్‌ఫోన్ మైకును వాచీ వెనక మూతకు ఆనించండి, ఫ్యాన్ మాత్రం ఆపాలి. రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయితే ఈ వయసు వాచీకి బాగున్నట్టే. అదే ఒక్కసారిగా నిమిషాలకు నిమిషాలు ముందుకు పరిగెడుతోందంటే అయస్కాంతం పట్టి ఉండొచ్చు. వెంట్రుకంత సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే అలా అవుతుంది. స్పీకర్ల పక్కన, మ్యాగ్నెట్ ఉన్న ఫోన్ కవర్ల మీద పెట్టకండి. రిపేరు షాపులో డీమ్యాగ్నటైజర్ (అయస్కాంతం వదిలించే పరికరం) ఉంటే నిమిషం పని.

ఇక పైలట్. కంపెనీ 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది, 2016లో వాచీల విభాగం మూతకు కేంద్రం ఆమోదం తెలిపింది. కాబట్టి ఇప్పుడు విడిభాగాలంటే చాలావరకు వేరే పాత వాచీల్లోంచి పీకినవే. ఆన్‌లైన్‌లో తళతళలాడుతూ కనిపించే వాటిలో చాలా డయళ్లు మళ్లీ రంగేసినవి. డయల్‌ను జూమ్ చేసి చూడండి, అక్షరాల అంచులు అలుక్కుపోయినా, నిమిషాల గీతలు ముల్లు చివరకు సరిపోకపోయినా వదిలేయండి. లోపలి మెషీన్ ఫొటో అడగండి, 'మూత తీయడం రాదు సార్' అంటే అసలు కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు డయల్ పైలట్ కనిపించిందని టెంప్ట్ అవ్వకండి, మార్కెట్లో తిరిగే ఆ రంగుల్లో ఎక్కువ భాగం తర్వాత వేసినవేనని నా అనుమానం.

నన్నడిగితే ఆ 1,500 నాన్నగారి వాచీ సర్వీసింగ్‌కి పెట్టండి, మిగిలితే పైలట్ సంగతి చూద్దాం.