మందులిస్తున్నారు సరే, మాట్లాడేవాళ్లేరి?

ప్రశ్న: సైకోసిస్ (లేనివి వినిపించడం, భ్రమలు కలగడం వంటి జబ్బు) వచ్చిన మా తమ్ముణ్ని మానసిక వైద్యశాలలో చేర్చి ఇరవై రోజులైంది. మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 89 కింద, అంటే రోగికి ఎక్కువ సాయం అవసరమైనప్పుడు 30 రోజుల వరకు ఉంచుకునే పద్ధతిలో, నా సంతకంతోనే చేర్చుకున్నారు. సైకాలజిస్టు ఒక్కసారి కూడా వాడితో కూర్చోలేదు. అడిగితే ‘ఈ జబ్బుకి కౌన్సెలింగ్ పనిచేయదు’ అంటున్నారు. సైకోథెరపీ (మాటలతో చేసే చికిత్స) కోసం చట్టప్రకారం పట్టుబట్టవచ్చా?

జవాబు: పట్టుబట్టవచ్చమ్మా. కాకపోతే అడిగే తీరులో అడగాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ‘ఇన్ని సెషన్లు ఇవ్వాలి’ అని ఎక్కడా లేదు. ‘థెరపీ మా హక్కు’ అని గొడవకు దిగితే ‘ఏ సెక్షన్‌లో ఉంది?’ అంటారు, మీరు తెల్లమొహం వెయ్యాలి.

అందుకే సెక్షన్ 22 పట్టుకోండి. జబ్బేమిటో, ఏ చికిత్స చేయబోతున్నారో అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు రోగికీ, ఆయన నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా (చట్టం గుర్తించే రోగి ప్రతినిధిగా) మీకూ ఉంది. పైగా చికిత్సకు సమ్మతి తీసుకునేటప్పుడు దానికున్న ప్రత్యామ్నాయాలు కూడా చెప్పాలని చట్టంలోని నిర్వచనమే అంటోంది. ‘చికిత్సలో సైకోథెరపీ ఉందా? లేకపోతే కారణమేమిటి?’ అని మెడికల్ ఆఫీసర్‌కు కాగితం మీద రాసివ్వండి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. రౌండ్స్‌లో ‘నిద్ర పట్టిందా, మాత్ర వేసుకున్నావా’ అని అడిగి వెళ్లిపోవడాన్ని థెరపీ కింద రాసుకోనివ్వకండి. జవాబు రాకపోతే సెక్షన్ 28 కింద రివ్యూ బోర్డుకు (ఈ చట్టం కింద రోగుల ఫిర్యాదులు వినే బోర్డు) ఫిర్యాదు చేయవచ్చు.

‘పనిచేయదు’ అన్న మాటకొస్తే, బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ (NICE) సంస్థ 2014 మార్గదర్శకాలు సైకోసిస్ ఉన్నవాళ్లందరికీ మందులతో పాటు సీబీటీ (ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకోవడానికి తోడ్పడే ఒక రకం సైకోథెరపీ) ఇవ్వజూపాలనీ, జబ్బు ముదిరి ఆస్పత్రిలో ఉన్నప్పుడే మొదలుపెట్టవచ్చనీ చెబుతున్నాయి. అవి మన ఆస్పత్రులను కట్టడి చేయవు. మీ కాగితంలో ఒక వాక్యంగా మాత్రం పనికొస్తాయి.

అసలు విషయం ఇంకోటుంది. థెరపీ మీకు కావాలా, మీ తమ్ముడికి కావాలా? సైకోసిస్ అని రాసినంత మాత్రాన ఆయన నిర్ణయం తీసుకునే సామర్థ్యం పోయినట్టు కాదు. పూర్తిగా మీ సాయం మీదే ఆధారపడే స్థితిలో ఉంటే మీరు తాత్కాలికంగా సమ్మతి ఇవ్వవచ్చు గానీ, ఆ స్థితిని వారానికోసారి మళ్లీ చూడాలి. ఇంజక్షన్ ఎక్కించినట్టు మాట ఎక్కించలేం కదా. ముందు ఆయన్నే అడగండి, ఎవరితో మాట్లాడాలనుందో. సైకాలజిస్టుకు చెప్పుకున్నవి గోప్యం. ప్రతి మాటా మీకు చెప్పమని అడగకండి.

ఇంకో పది రోజులే ఉంది. 30 రోజులు దాటి ఉంచాలంటే సెక్షన్ 90 కింద బోర్డు అనుమతి కావాలి. పంపించేస్తే, డిశ్చార్జి ప్లాన్‌లో థెరపీ ఎక్కడ, ఎవరి దగ్గర కొనసాగాలో రాయమనండి. ఆ కాగితం రేపే ఇవ్వండి.